ఒళ్లో సీపీయూ, కిటికీలో రామగుండం

ప్రాసెసరు కూలరుకు అతుక్కుని సాకెట్లోంచి ఊడి వచ్చేసింది. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. తెల్లారితే సికింద్రాబాద్ పోయే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌కు రామగుండం స్టేషన్లో ఉండాలి. గోదావరిఖనిలో మా ముందుగదిలో చాప పరిచి, కంప్యూటరు డబ్బాను దాని మీద పడుకోబెట్టాం. ప్రయాణపు కుదుపులకు కూలరు బరువు బోర్డు మీద పడకూడదని, విప్పి వేరుగా తీసుకుపోదామనుకున్నాను. నాలుగు స్క్రూలూ వదులు చేసి నిటారుగా పైకి లాగాను. ఐదేళ్లుగా ఎండి బంకలా గట్టిపడ్డ థర్మల్ పేస్టు ప్రాసెసరును వదల్లేదు. సాకెట్ గొళ్లెం వేసి ఉండగానే చిప్ బయటికొచ్చింది. తిరగేసి చూస్తే 1331 పిన్నుల బారుల్లో ఒక మూలన రెండు, గాలివానకు ఒరిగిన జొన్నకర్రల్లా వంగి ఉన్నాయి.

టార్చి పట్టుకున్న మా మేనల్లుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మామా, రేపు పోవుడు ఆపుదామా?" అన్నాడు.

ఆపలేదు. అది 2023 మార్చి. ఇంకో నెల ఆగితే మా ఊళ్లో కంప్యూటరు మూత విప్పే వేళ కూడా ఉండదు. వేసవిలో గోదావరిఖని, రామగుండం ప్రాంతం ఎంత మండుతుందో తెలంగాణలో అందరికీ తెలుసు.

కొత్త ప్రాసెసరు కొనడానికే కదా పోతున్నది, పాతది వంగితే నష్టమేముందని ఇంట్లో అడిగారు. నష్టం ఉంది. మా మదర్‌బోర్డు 2017లో కొన్న బీ350. ఏఎండీ ఏఎం4 సాకెట్‌ను చాలా ఏళ్లు మార్చకుండా నిలబెట్టింది. 2022లో ఆ పాత 300 వరుస బోర్డుల మీద కూడా 5000 వరుస ప్రాసెసర్లు నడిచేలా కొత్త బయాస్‌లు (బోర్డు ఆన్ కాగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేరు) రావడం మొదలైంది. మాలాంటి ఇళ్లకు అదెంత మేలో చెప్పలేను. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ అన్నీ అవే ఉంచుకుని, ఒక్క ప్రాసెసరు మార్చి ఐదేళ్లు ముందుకు పోవచ్చు. అయితే ఆ బయాస్ ఎక్కించాలంటే ముందు బోర్డు ఆన్ కావాలి. మా బోర్డు ఆన్ కావాలంటే అది గుర్తుపట్టే పాత ప్రాసెసరే సాకెట్లో ఉండాలి. పాతది లేచి తలుపు తీస్తేనే కొత్తది లోపలికి వస్తుంది. ఆ పని ఇంట్లోనే ముందే చేసుకుని ఉండాల్సింది. కానీ మా యూపీఎస్ బ్యాటరీ పోయి ఉంది. బయాస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డే పోతుందని భయపడి షాపులోనే చేయిద్దామనుకున్నాను.

పొద్దున ఆటోలో స్టేషను చేరాం. డబ్బాను పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ప్రాసెసరు, కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ పెట్టెలోనే, మేనల్లుడి చొక్కా జేబులో ఉంది. రైలు కిటికీలోంచి ఎన్టీపీసీ పొగగొట్టాలు, కూలింగ్ టవర్ల మీద తెల్లటి ఆవిరి కనిపించాయి. ఈ దారిలో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. కానీ ఆ ఆవిరిని అంత శ్రద్ధగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

2600 మెగావాట్ల కేంద్రమది. ఇలాంటి కేంద్రాల్లో కాలే బొగ్గు వేడిలో కరెంటయ్యేది మూడో వంతుకు కాస్త పైన. సగానికి అటూ ఇటూ భాగం నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు టవర్లలో జల్లుగా పడుతూ, కొంత ఆవిరైపోయి, మిగతా నీటిని చల్లబరుస్తాయి. మట్టికుండ చేసే పనే ఇది. ఎండాకాలం ఆ నీళ్లు సరిగా చల్లబడకపోతే టర్బైన్ ఇచ్చే కరెంటు కూడా తగ్గుతుంది. అంత పెద్ద ప్లాంటుకైనా ఎంత చల్లార్చగలిగితే అంతే పని. నా ఒళ్లో ఉన్న డబ్బాదీ అదే కథ. ప్రాసెసరు తాగే కరెంటు మొత్తం, ఒక్క వాటు కూడా మిగలకుండా, చివరికి వేడే అవుతుంది.

ఈ సంగతి నాకు అనుభవం మీదే తెలిసింది. సింగరేణిలో రిటైరైన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) రోజుల బాయిపని గురించి మాట్లాడించి వీడియో తీసి పెడుతుంటాను. ఎడిటింగంతా ఈ ఇంటి కంప్యూటరు మీదే. అందులో అప్పుడున్నది రైజెన్ 5 1600, ఆరు కోర్లది. ఆరు కోర్లూ పనిలో ఉంటే 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచేది. 2018 చలికాలంలో దాన్ని ఓవర్‌క్లాక్ చేశాను. చేసే పద్ధతి తేలికే. 100 మెగాహెర్ట్జ్ మూల గడియారాన్ని ప్రాసెసరు 34తో హెచ్చిస్తుంటే, బయాస్‌లోకి పోయి ఆ 34ను 38 చేయడమే. అంత వేగానికి పాత వోల్టేజీ చాలక కంప్యూటరు మధ్యలో ఆగిపోతుంటే, 1.2 వోల్టుల నుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ 1.35 దాకా పోయాను. గంట పట్టే వీడియో 54 నిమిషాల్లో బయటికి వచ్చింది. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం నిజమైనదే. ప్రాసెసరు లోపల ఏం జరుగుతుందో చదివి, చేత్తో మార్చి, ఫలితం కళ్లతో చూశాను.

లెక్క మాత్రం తర్వాత వేశాను. చిప్ పుట్టించే వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. 1.2 నుంచి 1.35కు పోతే వర్గం దాదాపు 27 శాతం పెరిగింది. దానికి వేగంలో పెరిగిన 12 శాతం కలిపి హెచ్చిస్తే మొత్తం 41 శాతం. పన్నెండు వంతుల వేగానికి నలభై ఒక వంతుల వేడి. పెట్టెలో వచ్చిన చిన్న కూలరుతో, మామూలు వేగం దగ్గర ఆ చిప్ గది గాలికంటే 35 డిగ్రీలు ఎక్కువ వేడెక్కేది. ఓవర్‌క్లాక్ చేశాక 50 డిగ్రీలు ఎక్కువ. చలికాలం 26 డిగ్రీల గదిలో అది 76. ఏ ఇబ్బందీ లేదు. మే నెల మధ్యాహ్నం మా గదిలో 41. అప్పుడది 91.

ఏ ఫ్యాను పెట్టినా, నీళ్ల కూలరు పెట్టినా, చిప్‌ను గది గాలికంటే చల్లగా చేయడం దాని వల్ల కాదు. ఆ తేడాను తగ్గించడం వరకే దాని పని. ఓవర్‌క్లాకింగ్ గురించి మనం చదివేవి, చూసేవి చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో కొలిచినవి. ఆ అంకెలు పట్టుకుని మనం వోల్టేజీలు పెట్టుకుంటే, మన మే నెల వాటికి ఇంకో ఇరవై డిగ్రీలు కలుపుతుంది. 2022 మేలో ఒక పెద్దాయన మాటల వీడియో రెండుసార్లు సగంలోనే పోయి కంప్యూటరు తిరిగి మొదలైంది. ఆ రోజే మళ్లీ 34కు దించేశాను.

పెద్దపల్లి దాటి ఓదెల వైపు పోతుండగా మేనల్లుడు అసలు ప్రశ్న అడిగాడు. "మామా, గిన్ని పైసలు పెడ్తున్నం గదా, ప్రాసెసర్ మారిస్తే నిజంగ నీ పని జల్ది అయితదా?"

అది నేను ముందే కొలిచి పెట్టుకున్నాను. వారం రోజులు ఎడిటింగ్ చేస్తూ టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచాను. వీడియో చివర్న ఎగుమతి చేసేటప్పుడు ప్రాసెసరు 100 శాతం. కానీ రోజంతా నా ఓపిక తినేది ఆ గంట కాదు. క్లిప్పుల మధ్య తిరుగుతూ, వెతుకుతూ, కత్తిరించే మిగతా వేళంతా ప్రాసెసరు గీత 20 దగ్గర పడుకుని ఉంది. హార్డ్ డిస్కు గీత మాత్రం 100ను అంటుకుని ఉంది. కంప్యూటరు నెమ్మదిగా ఉందని ఐదేళ్లు నేను ప్రాసెసరును తోముతుంటే, అది హార్డ్ డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైన. అంతకుముందు సూది ఆ వరుస మీదికి జరగడానికి ఇంకో 9 దాకా. మొత్తం 13. ఆ 13 మిల్లీసెకన్లలో 3.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు గడియారం నాలుగు కోట్లకు పైగా కొట్టుకుంటుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అదే పని అందులో మిల్లీసెకన్లో పదో వంతు. ఈ అంతరం ముందు నా 12 శాతం ఓవర్‌క్లాక్ ఏ మూలకు?

ఇది మేనల్లుడికి వివరిస్తుండగానే మానేరు వంతెన వచ్చింది. మార్చికే నీళ్లు ఒక పాయలోకి చేరి, మిగతాదంతా ఇసుకే మెరుస్తోంది. జమ్మికుంటలో ఒకాయన ఎక్కి, దుప్పటి మూట చూసి టీవీ అనుకుని, సీపీయూ అని చెప్పాక తన మనవడి కంప్యూటరు ఎందుకు చప్పుడు చేస్తుందో అడిగాడు. దుమ్ము దులిపించమన్నాను. కాజీపేట, జనగామ, ఆ తర్వాత కిటికీ నిండా భువనగిరి ఏకశిల. మధ్యాహ్నానికి సికింద్రాబాద్.

స్టేషను నుంచి ఆటోలో ప్యాట్నీ మీదుగా పార్క్‌లేన్‌కు పోయాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. తెలంగాణ జిల్లాల్లో కంప్యూటర్లు అసెంబుల్ చేసే ప్రతి ఒక్కడికీ ఇది తెలిసిన చోటు. ఇరుకు వరండాలు, మెట్ల మీద అట్టపెట్టెలు, టేపు చింపే చప్పుడు, తెలుగూ హిందీ కలిసిన బేరాలు. ఏ షాపుకూ పోకముందు చిప్ లెవల్ రిపేరు చేసేవాళ్లెక్కడని అడిగి ఒక పైఅంతస్తుకు పోయాం. చిన్న బల్ల, దాని మీద భూతద్దం దీపం, వెనక తెల్లగడ్డం పెద్దాయన. ప్రాసెసరు చేతికిచ్చాను. దీపం కింద తిప్పి చూశాడు.

"విరగలే సార్, వంగినయ్. భయపడకుండ్రి."

లెడ్డు తీసేసిన క్లచ్ పెన్సిలు ఒకటి తీసుకున్నాడు. ఆ సన్నటి గొట్టాన్ని వంగిన పిన్ను మీద తొడిగి, ఒకే ఒక్కసారి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాడు. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచును పిన్నుల బారుల మధ్య పెట్టి రెండు వైపుల నుంచీ జరిపి చూశాడు. అడ్డు తగల్లేదు. పిన్నును ముందుకూ వెనక్కూ రెండుమూడుసార్లు వంచితే మొదలు దగ్గరే తెగుతుందట, అందుకే ఎక్కువ వంచానేమో అని సరిచేయబోవద్దన్నాడు. అంతా ఐదు నిమిషాల పని. నా చెమట ఆరడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

ఓవర్‌క్లాక్ సంగతి చెబితే ఆయన ముఖం వెలిగింది. 1998లో వచ్చిన సెలరాన్ 300ఏ కథ చెప్పాడు. 66 మెగాహెర్ట్జ్ బస్సు గడియారాన్ని నాలుగున్నరతో హెచ్చించి 300 నడిచే చిప్ అది. బోర్డులో బస్సును 100కు మారిస్తే చాలు, చాలా చిప్పులు 450 దగ్గర నడిచేవి. అప్పటి ఖరీదైన పెంటియం 2 వేగమది. సగానికి సగం వేగం ఊరికే వచ్చిందన్నమాట. "గప్పుడు కంపెనీలు వేగం లోపల దాచిపెట్టి అమ్మినయ్ సార్. ఇప్పుడు ఉన్నదంత వాళ్లే బయటికి తీసి అమ్ముతున్నరు" అన్నాడు. ఈ విషయం మీద నేను విన్న మాటల్లో ఇంత సూటిగా చెప్పినది ఇంకోటి లేదు. ఇప్పటి ప్రాసెసర్లు తమ వేడి, వోల్టేజీ, కరెంటు తామే క్షణక్షణం కొలుచుకుని, వీలున్నంత వరకు తామే వేగం పెంచుకుంటాయి. మనం చేత్తో పిండుకోవడానికి మిగిలేది కొంచెమే. మనం చేయగలిగింది ఆ వీలును పెంచడం, అంటే చల్లబరచడం.

సాకెట్లో పాత ప్రాసెసరు పెట్టి, అక్కడే యూపీఎస్ మీద బోర్డు ఆన్ చేశాం. తెర మీద అక్షరాలు వచ్చేదాకా మేనల్లుడు నా మోచెయ్యి వదల్లేదు. బయాస్ ఎక్కించి, పాత ప్రాసెసరును తీసి, కింది అంతస్తులో కొన్న రైజెన్ 7 5700ఎక్స్‌ను పెట్టాం. మేనల్లుడు ఆటల కోసం 5800ఎక్స్3డీ మీద మనసు పడ్డాడు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న ఆ చిప్ ఆటల్లో గొప్పదే, కానీ అది ఖరీదైనది, వేడి కూడా ఎక్కువ. నా పనికి ఆ క్యాష్ అంతగా పనికిరాదు. 5700ఎక్స్ ఎనిమిది కోర్లది, 4.6 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. నన్ను ఒప్పించింది అవి కాదు. పాత 1600 పెట్టె మీద ఉన్నదీ 65 వాట్లే, దీని మీద ఉన్నదీ 65 వాట్లే. 14 నానోమీటర్ల నుంచి 7కు దిగిన తయారీ వల్ల, అదే తరగతి వేడికి దాదాపు రెండింతల పని.

కూలరు దగ్గర బేరం సాగింది. 5700ఎక్స్ పెట్టెలో కూలరు రాదు. షాపు కుర్రాడు రంగుల దీపాల 240 మిల్లీమీటర్ల నీళ్ల కూలరు చూపించి, "అన్నా, మీది ఎండ ఊరు, మీకు ఇదే కావాలె" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు, నేను ఒప్పుకోలేదు. నీళ్ల కూలరు కూడా చివరికి వేడిని గది గాలికే ఇస్తుంది. 65 వాట్ల చిప్‌కు దానికీ మంచి టవర్ కూలరుకూ ఉండే తేడా కొద్ది డిగ్రీలు. అందుకు బదులుగా ఒక పంపు వస్తుంది, అది ఏదో ఒకరోజు ఆగుతుంది. గొట్టాల గోడల్లోంచి ఏళ్లు గడిచేకొద్దీ నీరు కొద్దికొద్దిగా ఆవిరై పోతుంది. వేడి ఊళ్లో ఆ పోవడం కూడా తొందరే. టవర్ కూలరులో ఆగిపోయేది ఒక్క ఫ్యానే, అది గోదావరిఖనిలో కూడా దొరుకుతుంది. రెండువందల వాట్లు తాగే ప్రాసెసర్లున్నవాళ్ల లెక్క వేరు.

120 మిల్లీమీటర్ల ఫ్యాను, నాలుగు రాగి గొట్టాలున్న టవర్ కూలరు తీసుకున్నాను. ఆ గొట్టాలను చూసి అవి కడ్డీలనుకుంటారు. లోపల గాలి తీసేసి, చెంచాడు కూడా ఉండని నీరు పోసి మూసేసిన బోలు గొట్టాలవి. చిప్ దగ్గర నీరు ఆవిరవుతుంది. రేకుల దగ్గరికి పోయి చల్లబడి నీరవుతుంది. లోపలి గోడకున్న సన్నటి వత్తిలాంటి పొర దాన్ని మళ్లీ కిందికి తెస్తుంది. పొద్దున కిటికీలోంచి చూసిన టవర్ల పని, నా అరచేతిలో.

స్టోరేజీ విషయంలో నేను రాసుకెళ్లిన చీటీనే పాటించాను. పని చేసే డ్రైవుగా ఒక టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. మా బోర్డులో ఉన్నది పీసీఐఈ 3.0, సెకనుకు 3500 ఎంబీ దగ్గర దాని హద్దు. 7000 అని రాసిన 4.0 డ్రైవు పెట్టినా ఇక్కడ దాని పరుగు 3.0 హద్దులోనే. అందుకే 3.0 దే అడిగాను. మెమరీ చిప్పుల రకాల్లో క్యూఎల్‌సీ వద్దని టీఎల్‌సీ అడిగాను. చవక క్యూఎల్‌సీ డ్రైవులు ముందున్న వేగపు నిల్వ నిండేదాకా బాగుంటాయి, పెద్ద వీడియోలు వరసగా రాస్తే తర్వాత చతికిలబడతాయి. నేను తీసుకున్న దాని మీద 600 టీబీ రాతల హామీ ఉంది. రోజుకు 100 జీబీ రాసినా పదహారేళ్లు.

దాచుకునే డేటాకు మాత్రం హార్డ్ డిస్కే, 4 టీబీది. ఇందులోనూ ఒకటి చూసుకోవాలి. ఎస్ఎంఆర్ అనే రకంలో వరుసలు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కింది పెంకు మార్చాలంటే పైవి కదిలించినట్టు, పాతచోట తిరిగి రాయడం ఆలస్యం. సీఎంఆర్ అని అడిగి, మోడలు నంబరు సరిచూసుకున్నాను. పెద్దల వీడియోలు ఎస్ఎస్‌డీలో వేసి బీరువాలో దాచుకోవచ్చు కదా అని కొందరడుగుతారు. కరెంటు లేకుండా పడి ఉన్న ఎస్ఎస్‌డీలో డేటా శాశ్వతం కాదు. రాతల హద్దు పూర్తయిన డ్రైవు కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలిస్తే చాలన్నది ఇంటి కంప్యూటర్ల డ్రైవులకు జెడెక్ ప్రమాణం. కొత్త డ్రైవు ఇంకా ఎక్కువే నిలుస్తుంది, కానీ వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. మా బీరువాలో ఏప్రిల్ నుంచే 30 దాటుతుంది. మనుషులు పోయాక మిగిలే గొంతులవి. ఒక ప్రతి మా ఇంట్లో, ఇంకొకటి కరీంనగర్‌లో అక్క ఇంట్లో ఉంచుతున్నాను.

రాత్రి బండిలో తిరిగొచ్చాం. మర్నాడు పాత క్యాబినెట్ ముందున్న గాజుపలక తీసేసి, జాలీ ఉన్న ముందుభాగం బిగించాను. లోపలికి రెండు ఫ్యాన్లు, బయటికి ఒకటి. లోపల గాలి ఒత్తిడి కొంచెం ఎక్కువుంటే దుమ్ము సందుల్లోంచి దూరదు, జాలీ దగ్గరే ఆగుతుంది. ఓపెన్‌కాస్టు ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. పాత కూలరు రేకుల మధ్య నుంచి రాలిన బొగ్గునుసి కింద పరిచిన పేపరును నల్లబరిచింది. నా ఓవర్‌క్లాక్ 50 డిగ్రీల్లో ఈ నుసి వంతు ఎంత ఉందో అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నెల రోజులు ఖాళీ దొరికినప్పుడల్లా బయాస్‌లోనే గడిపాను, ఈసారి వోల్టేజీ తగ్గించడానికి. ఒక్కో కోరుకు ఇచ్చే వోల్టేజీని మెట్టుమెట్టుగా దించడం, రాత్రంతా పరీక్ష నడపడం, తెల్లారి తప్పులు వచ్చాయేమో చూడడం. వేగం తగ్గలేదు, 6 డిగ్రీలు తగ్గాయి. మేలో 42 డిగ్రీల గదిలో ఎగుమతి నడుస్తుంటే చిప్ 76 దాటలేదు. గంట పని అరగంటకు కాస్త ఎక్కువలో అయిపోతోంది. క్లిప్పు నొక్కితే వెంటనే తెరుచుకుంటోంది. ఈ రెండింట్లో నాకు ఎక్కువ సుఖమిచ్చింది రెండోదే.

పిన్నులు సరిచేసిన ఆ 1600 ఇప్పుడు మేనల్లుడి ఇంట్లో, ఒక బీ450 బోర్డు మీద, కంపెనీ ఇచ్చిన వేగంతోనే నడుస్తోంది.

మీ ఇంట్లోనూ ఏఎం4 కంప్యూటరు ఉండి, ఎండాకాలం ముందు పేస్టు మార్చాలనుకుంటే ఇదొక్కటి గుర్తుంచుకోండి. విప్పే ముందు పది నిమిషాలు ఏదైనా బరువు పని నడిపించండి. ఆపి, ప్లగ్ తీసి, పేస్టు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే స్క్రూలు వదులు చేసి, కూలరును అటూ ఇటూ మెల్లగా తిప్పండి. అది కదిలాకే పైకి ఎత్తండి.